గాలమూ, నీతీ

మా మిత్రుడొకరు కిందటేడు హిమాచల్ ప్రదేశ్ వెళ్లి, తీర్థన్ నది ఒడ్డున నాలుగు రోజులుండి, ట్రౌటు చేపను గాలంతో పట్టే విద్య నేర్చుకొని వచ్చారు. వచ్చినప్పటినుంచీ ఆయనకు అదే లోకం. చేపను పట్టి, గాలం విప్పి, తిరిగి నీళ్లలోకి వదిలేస్తారట. హింస లేని వేట అన్నారు. "మీ కొలిమిగుండ్ల వాళ్లు చేపను చంపటానికి పడతారు, మేము తెలుసుకోవటానికి పడతాం" అని కూడా అన్నారు. ఆయన పరిహాసానికే అన్నా ఆ మాట నన్ను వదల్లేదు. అందులో కొంత నిజం ఉన్నట్టూ, ఆ నిజం ఎక్కడో తలకిందులైనట్టూ తోచింది. దాన్ని గురించి కాస్త నిదానంగా ఆలోచించాలనే ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

కొలిమిగుండ్లలో గాలం అంటే ముందు వినేవాళ్లకు నవ్వు వస్తుంది. మాది నీళ్ల ఊరు కాదు, రాళ్ల ఊరు. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడకముందు కర్నూలు జిల్లాకు దక్షిణపు అంచున ఉండేది. అడుగున అంతా సున్నపురాయి. వాన కురిస్తే నీరు నేలమీద నిలవకుండా పగుళ్లలోంచి కిందికి జారిపోతుంది. అట్లా యుగాల తరబడి జారిన నీరు తొలిచినవే మా మండలంలోని బెలుం గుహలు. మూడు కిలోమీటర్లకు పైగా సాగిన ఆ గుహల్లో అట్టడుగున పాతాళగంగ అనే సన్నని పాయ ఒకటి కంటపడి, చూస్తుండగానే మళ్లీ రాతికిందికి పోతుంది. దానిని చూడటానికి పై ఊళ్లవాళ్లు టిక్కెట్టు కొనుక్కొని వస్తారు. మా ఊరివాళ్లకు అది వింత కాదు, మా నీళ్లు ఎక్కడికి పోతున్నాయో తెలిపే సాక్ష్యం.

అయితే మనిషి రాయి తీసినచోట గుంత మిగులుతుంది, గుంతలో వాననీరు మిగులుతుంది. నాపరాయి తీసి వదిలేసిన గుంతలే మా చిన్నతనంలో మాకు చెరువులు. వాటిలోకి చేప ఎట్లా వచ్చేదో చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. వాగు పొర్లినప్పుడు కొన్ని వచ్చేవి. కొరమట్ట అయితే గాలి పీల్చి బతకగలదు గనక తడినేల మీద పాక్కుంటూ కూడా ఒక గుంతనుంచి ఇంకో గుంతకు పోగలదు. ఉత్తరాన అవుకు రిజర్వాయరు సంగతి వేరు. శ్రీశైలం కుడిగట్టు కాలువ నీళ్లతో నిండే ఆ జలాశయం నాలుగు టీఎంసీల పైచిలుకు పడుతుంది. అక్కడ బెస్తవాళ్ల వలలున్నాయి, పుట్లు ఉన్నాయి. మా గాలాలు మాత్రం గుంతల్లోనే.

నాకు ఈ విద్య నేర్పినాయన గనిలో పలుగు పట్టిన మనిషి, వరసకు మామ. ఆయన సామగ్రి మొత్తం లెక్క కడితే ఒక పూట కూలికి మించదు. వెదురుకర్ర, టంగీసు దారం, జొన్నదంటు ముక్క బెండు, కిందికి దిగటానికి ఒక చిన్న సీసపు తునక. గాలం ఒక్కటే తాడిపత్రిలో కొనేవాళ్లం. ఎర విషయంలో ఆయనకు గట్టి అభిప్రాయాలుండేవి. జెల్లకు వానపాము, పరకలకు సంగటి, శీలావతికి గానుగచెక్క కలిపిన పిండి, కొరమట్టకు కప్పపిల్ల. మొదటిరోజు నేను గుంత అంచున నిలబడగానే కసిరాడు.

"రేయ్ అల్లుడూ, నీ నీడ నీళ్లమీద పడితే దానికి పొద్దు గూకినట్టే. యెనక్కి జరుగు. ఆ కాళ్లు దబదబ యెయ్యాకు, దానికి నీ అడుగు ఒళ్లంతా ఇనపడతాది."

చేపకు ఒళ్లంతా చెవులే అన్నమాట ఆయన కల్పన కాదు. చేప పక్కల పొడుగునా ఉండే ఒక గీత నీటి కదలికను పసిగడుతుందని తరవాత చాలా ఏళ్లకు పుస్తకంలో చదివాను. బెండు విషయంలో ఆయన పాఠం ఇంకా కఠినం. బెండు ఒకతూరి మునిగితే లాగకూడదు, అది వాసన చూస్తూ ఉంటుంది. రెండోతూరి మునిగి పక్కకు పోయినప్పుడు మణికట్టు తిప్పాలి. "చెయ్యి కాదురా, మణికట్టు." నేను మొదటి పది రోజులూ మొత్తం చెయ్యే లేపాను. పది రోజులూ చేపలు నా సంగటి తిని బతికాయి.

మా మిత్రుడు నేర్చుకున్న పాఠాలు విన్నాక నాకు ఆశ్చర్యం కలిగింది. పేర్లు వేరుగాని పాఠాలు ఇవే. ట్రౌటు చన్నీళ్ల చేప. నీటి వేడి ఇరవై డిగ్రీలు దాటితే అల్లాడిపోతుంది, ఇరవై అయిదు దాటితే బతకటమే కష్టం. మా ఎండల్లో గుంత నీళ్లు చేత్తో తాకి చూస్తే, ఆ చేప మా వైపు ఎందుకు లేదో చెప్పనక్కరలేదు. అది ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి, రాతిచాటున నీటి దూకుడు తగ్గినచోట నిలబడి, కొట్టుకొచ్చే పురుగును అందుకుంటుంది. అందుచేత నేర్చుకునేవాడు వెనకనుంచి, అంటే దిగువనుంచి, నీడ పడకుండా పైకి నడవాలి. గాలాన్ని రాతికి కాస్త ఎగువన వెయ్యాలి. పురుగు ఎట్లా కొట్టుకొస్తుందో గాలమూ అట్లాగే కొట్టుకురావాలి, దారం దాన్ని ఈడవకూడదు. అంతా మా మామ చెప్పినట్టే ఉంది. తేడా ఎర దగ్గరే. వాళ్ల గాలానికి ఈకా, వెంట్రుకా, దారమూ చుట్టి పురుగు ఆకారం కట్టిపెడతారు. అందులో తినటానికి ఏమీ లేదు. మా సంగటిముద్ద, ఏమాటకామాటే, సంగటే.

ఈ తేడా మాటకు వస్తే చిన్నదే. కాని గాలపు విద్య స్వభావాన్ని అది బయట పెడుతుంది. వల వేసేవాడికి చేపల దారి తెలిస్తే చాలు. గాలం వేసేవాడు ఒక్క చేప మనసులోకి దూరాలి. దానికి ఎప్పుడు ఆకలి, దేన్ని చూస్తే భయం, ఎక్కడ నీడ ఇష్టం, ఏ రుచి నచ్చుతుంది, ఇవన్నీ నేర్చుకోవాలి. ఇన్ని నేర్చుకునేది దాన్ని నమ్మించటానికే. తెలుసుకోవటానికే పడతామన్న మా మిత్రుడి మాట ఇక్కడే తలకిందులైంది. తెలుసుకున్నాక పడుతున్నారు గాని, పట్టాక తెలుసుకుంటున్నది ఏమీ లేదు. తెలుగులో ఎర అనే మాటకు వానపాము అనే అర్థం కూడా ఉంది. మనుషుల మధ్య ఆ మాట వాడినప్పుడు మాత్రం దాని అర్థం మనకందరికీ ఒకటే. పంట చేతికి రాకముందే అప్పిచ్చే షావుకారుకు రైతు ఆకలి వేళలు మా మామకు జెల్ల ఆకలి వేళలు తెలిసినంత బాగా తెలుసు.

చేపకు నొప్పి తెలుస్తుందా అనే ప్రశ్న చాలాకాలం వేళాకోళంగానే నడిచింది. 1653లో ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ అనే వర్తకుడు గాలపు వేటను గురించి ఒక పుస్తకం రాశాడు. ప్రశాంతతకూ సజ్జనత్వానికీ అంతకు మించిన సాధన లేదన్నట్టు సాగుతుంది అది. నూటడెబ్బయి ఏళ్ల తరవాత బైరన్ కవి తన 'డాన్ జువాన్' కావ్యంలో ఆ సజ్జనుణ్ణి క్రూరుడని ఎద్దేవా చేశాడు. ఇటీవల ఈ వివాదం ప్రయోగశాలలోకి వెళ్లింది. 2003లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్తా, ఆమె సహచరులూ ట్రౌటు చేపలనే తీసుకొని, వాటి పెదాల్లోకి తేనెటీగ విషమూ కొన్నిటికి ఆమ్లమూ ఎక్కించి చూశారు. ఆ చేపలు చాలాసేపు మేత ముట్టలేదు. ఆమ్లం ఎక్కించినవి కొన్ని పెదాలను తొట్టి అడుగున ఉన్న గులకరాళ్లకేసి రుద్దుకున్నాయి. నొప్పిని అందుకునే నరాలు వాటి తలలో ఉన్నాయని కూడా తేలింది. కాగా, చేప మెదడులో మనిషి మెదడుకున్న పైపొర లేదు గనక అది మనం అనుకునే నొప్పి కాదని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆ వాదం ఇంకా తెగలేదు. కాని గులకరాతికేసి పెదవి రుద్దుకున్న చేప సంగతి ఒకసారి విన్నవాడు గాలం కొసన వెనక్కి తిరిగి ఉండే ఆ చిన్న ముల్లును మునుపటిలాగా చూడలేడు. నేను చూడలేకపోతున్నాను.

అటువంటప్పుడు పట్టి వదలటం హింస లేని వేట ఎట్లా అవుతుంది? స్విట్జర్లాండులో 2008లో వచ్చిన జంతు రక్షణ నిబంధనలు, వదిలెయ్యాలనే ఉద్దేశంతో చేపను పట్టటాన్ని నిషేధించాయి. జర్మనీ చట్టం కూడా, సరైన కారణం లేకుండా జంతువుకు బాధ కలిగించరాదంటుంది. తినటం కారణమే, వినోదం కారణం కాదు అని అక్కడి వివేకం. మా మిత్రుడికి ఈ సంగతి రాస్తే ఆయన వెంటనే ఎదురు ప్రశ్న వేశారు. "వదిలిన చేప బతుకుతుంది, తిన్న చేప చస్తుంది. చావుకంటే నొప్పి పెద్దదా?" బాగా వేసిన ప్రశ్నే. చేపను అడిగితే వదిలెయ్యమనే అంటుంది. కాని మనం అడుగుతున్నది చేపకు ఏది లాభమని కాదు, మనిషి ఏం చేస్తున్నాడని. ఇంకొక ప్రాణి బాధను తన కాలక్షేపానికి వాడుకోవటానికి అలవాటుపడ్డ చెయ్యి, చివర్లో దాన్ని వదిలెయ్యటంవల్ల శుభ్రపడదు. పైగా వదిలినవాడికి తాను దయ చూపాననే తృప్తి కూడా మిగులుతుంది. వేటగాడికి అంతకంటే చవకగా దొరికే వస్తువు లేదు.

ఆయన రెండో ప్రశ్న మాత్రం నన్ను ఇరుకున పెట్టింది. "మీరిప్పుడు ఆకలితోనే పడుతున్నారా?" నిజం చెప్పాలంటే, లేదు. మా మామ ఆకలితో పట్టాడు. వాన పడితే గనిలోకి నీరు వచ్చి పని ఆగిపోతుంది. పని ఆగితే కూలి లేదు. కూలి లేని రోజుల్లోనే గుంతలు నిండుతాయి, చేపలు కదులుతాయి. ఆయన ఇంట్లో చేపల కూర ఉడికిందంటే ఆ వారం కూలి రాలేదని అర్థం. నేనేమో ఉద్యోగం చేసి, పింఛను పుచ్చుకుంటూ, మావాళ్లు వద్దంటున్నా ఆదివారం గాలం తీసుకొని పోతున్నాను. నాకూ మా మిత్రుడికీ ఉన్న తేడా నేను పట్టినది తింటాననటమే. అది తేడాయే అని నమ్ముతున్నానుగాని, మా మామ పక్కన నిలబడే అర్హత ఆ ఒక్క తేడావల్ల నాకు రాదు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. ట్రౌటు మన దేశపు చేప కాదు. మద్రాసు రాజధానిలో ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు 1860లలో దాన్ని నీలగిరులకు తేవాలని ప్రయత్నించి విఫలుడయ్యాడు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో విల్సన్ అనే అధికారి అక్కడి చల్లని వాగుల్లో దాన్ని నిలబెట్టగలిగాడు. కాశ్మీరుకు 1899లో వచ్చిన గుడ్లు దారిలో చచ్చిపోతే 1900లో మళ్లీ తెప్పించారు. మంచు పెట్టి, ఓడల మీద, ఖండాలు దాటించి చేపగుడ్లను మోసిన ఈ శ్రమ ఆ కొండల్లో ఎవరి ఆకలి తీర్చటానికీ కాదు. సెలవు దొరికిన దొరకు తన ఊరి వాగు గుర్తుకు రావటానికి. దానికి ముందే, 1879లోనే, నీలగిరుల వేటజంతువులనూ చేపలనూ కాపాడటానికి చట్టం చేశారు. ఎవరినుంచి కాపాడాలి? లైసెన్సు లేనివాడినుంచి.

అయితే ఆ దొరలను ఒక్క మాటతో కొట్టిపారెయ్యటం నాకు చాతకాదు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో మన నదుల గాలపు వేటమీద పెద్ద పుస్తకం రాశాడు. తరవాత చెరువుల వేటమీద ఇంకొకటి రాశాడు. వేట సరదాతోపాటు, చిన్న పిల్లలను కూడా వదలకుండా ఊడ్చే పద్ధతులవల్ల మన నదుల్లో చేప నశిస్తున్నదని ఆయనా, డే కూడా ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. 1897లో చేపల చట్టం వచ్చింది. డైనమైటు పేల్చి చేపలు పట్టినా, నీళ్లలో విషం కలిపినా రెండు నెలల జైలో, రెండు వందల రూపాయల జరిమానాయో వెయ్యవచ్చునన్నారు. చట్టం మంచిదే. కాని అది నదిని కాపాడమన్నంత గట్టిగా నది ఎవరిదో చెప్పలేదు. తనది కాని నీటిని రేపటికోసం దాచమంటే ఆకలిగొన్నవాడు దాచడు. రేపు అది ఇంకొకడి వలలోకే పోతుందని అతనికి తెలుసు.

మా వైపు ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. బావులు తవ్వటానికీ గనుల్లోనూ వాడే తూటా చేతికి అందుబాటులో ఉన్న ప్రాంతం మాది. నా చిన్నతనంలో ఒకతను నిండిన గుంతలో తూటా వేశాడు. నీళ్లు లేచి పడ్డాయి. చేపలు పొట్టలు పైకి పెట్టి తేలాయి. చేప లోపలుండే గాలితిత్తి ఆ దెబ్బకు పగిలిపోతుంది. తేలినవాటికంటే అడుగుకు పోయినవే ఎక్కువ ఉంటాయి. మేమంతా సంబరంగా ఏరుకున్నాం. అక్కడికి వచ్చిన మా మామ మాత్రం చెయ్యి పెట్టలేదు. "ఏం మామా, పాపమా?" అని ఎవరో ఎగతాళి చేస్తే, "పాపం గీపం నాకు తెల్దు. మల్లా వానొస్తే మా ఇంటికాడ ఏం తినాల?" అన్నాడు. తరవాత రెండేళ్లు ఆ గుంతలో కప్పలు తప్ప ఏమీ దొరకలేదు. తూటా వేసినతను ఇంకొక గుంత దగ్గర ఇంకో తూటాతో మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు. దాన్ని దేవుడి తీర్పు అన్నవాళ్లున్నారు. నేననను. అతనూ కూలి లేనివాడే.

ధర్మవ్యాధుడి కథ మనవాళ్లు తరచుగా చెబుతారు. మాంసం అమ్ముకునేవాడు తపస్వికి ధర్మం బోధిస్తాడు. నాగలి కింద ఎన్ని ప్రాణులు చస్తున్నాయో చూడమంటాడు, హింస లేని బతుకెక్కడుందంటాడు. వినటానికి ఎంతో అభ్యుదయంగా ఉంటుంది. కాని మూలం తెరిచి చూస్తే ఆ వ్యాధుడు తానుగా చంపడు, ఇతరులు చంపి తెచ్చినది అమ్ముతాడు, తాను మాంసం తినడు. చంపి తిని బతికేవాడి నోట ధర్మం పలికించటానికి ఆ కథ వెనకాడింది. అదీగాక, అందరూ హింసకులే అన్న వాదం చివరికి ఎవరినీ ఏమీ అడగకుండా చేస్తుంది. రైతూ, బెస్తా, తూటా వేసేవాడూ, వినోదానికి ట్రౌటు పట్టేవాడూ ఒకే గాటన పడిపోతారు. వాళ్లను విడివిడిగా చూడలేకపోతే నీతి గురించి మాట్లాడటం దండగ. ఎంతెంత నొప్పి పెట్టారన్న లెక్క ఒక్కటీ సరిపోదు. దేనికోసం, ఎంతవరకు, ఎవరి నీటిలో అన్నవి కూడా అడగాలి.

ఎంతవరకు అన్నది నాకు ఎట్లా తెలిసిందో చెబుతాను. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. తుంగ పెరిగిన ఒక గుంతలో నీటిపైన ఎర్రగా ఒక మచ్చ కదలటం చూశాను. వేలకొద్దీ కొరమట్ట పిల్లలు గుంపుగా తేలితే అట్లా ఉంటుంది. పిల్లల కింద తల్లో తండ్రో, ఒక్కోసారి రెండూ, కాపలా తిరుగుతూ ఉంటాయి. దగ్గరికి ఏది వచ్చినా మీదపడి కొరుకుతాయి. కప్పపిల్లను కట్టిన గాలాన్ని ఆ మచ్చ మధ్యలో వేశాను. బెండు మునగటానికి ఎదురుచూడనక్కరలేకపోయింది. నా మోచేతి పొడుగున్న చేప. దాన్ని భుజాన వేసుకొని ఊళ్లో వీధంతా తిరిగాను. మామ చూసి మెచ్చుకుంటాడనుకుంటే, "యాడ పట్టినావ్?" అని అడిగాడు. చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. సాయంత్రం నన్ను ఆ గుంతకు తీసుకుపోయాడు. ఎర్ర మచ్చ అక్కడ లేదు. కొంగలున్నాయి.

ఆ చేప ఆకలితో గాలం అందుకోలేదు. మామూలు చేపను దాని ఆకలితో మోసగిస్తాం, దీన్ని దాని కాపలాతో మోసగించాను. నిజానికి చేపకు రెండూ ఒకటే కావచ్చు, గాలం గాలమే. నాకు మాత్రం ఒకటి కాదు. నేర్చుకునేవాళ్లకు గాలం ఎట్లా వెయ్యాలో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఎప్పుడు వెయ్యకూడదో చెప్పేవి తక్కువ. చెప్పినా పొడుగు ఇన్ని అంగుళాలు, సంఖ్య ఇంత, ఋతువు ఫలానా అని నియమాలుగా చెబుతాయి. నియమాలు అవసరమే. దొరలు పెట్టినవైనా అవసరమే. కాని మామ నాకు ఏ నియమమూ చెప్పలేదు, కొంగలను చూపించాడు. ఆయన గుంతకు యజమాని కాదు, లైసెన్సు లేదు. అయినా ఆ నీళ్లు తనవన్నట్టే మసిలాడు. ఊళ్లో ఇంకెవరూ వాటిని తమవని అనుకోకపోవటంవల్ల ఆయనకు ఆ అవకాశం దొరికింది. ఇప్పుడు ఆ గుంతల్లో చాలా భాగం రాతిపొడితో పూడిపోయింది.

మా మిత్రుడు అవుకు రావాలని ఉందని ఉత్తరం రాశారు. రమ్మన్నాను. పట్టింది తినాలనీ, తినేదాన్ని తానే కడగాలనీ రాశాను. మా వైపు చేపకు బూడిద రాసి నాపరాతి మీద రుద్ది పొలుసు తీస్తారు. గాలం గురించి పుస్తకాలు రాసినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. ఇంకా తోక ఆడిస్తున్న చేపను రాతిమీద పట్టుకొని ఆ పని ముగించేది మాత్రం మా ఇళ్లలో ఆడవాళ్లు. చేప నొప్పి సంగతి వాళ్లనెవరూ అడిగినట్టు లేదు. మా మామ కూతుర్ని నేను అడిగాను. ఆమె రాతిమీద నీళ్లు పోస్తూ, "బతికుండంగా రుద్దకూడదు, ముందు తల తియ్యాల. మా నాయన అట్లే చెప్పినాడు" అన్నది. మిత్రుడినుంచి జవాబు వచ్చింది. వస్తానన్నారు, తల తియ్యటం మాత్రం తనవల్ల కాదన్నారు.